షావుకారు అంటే ఎవరు? గోదావరి డెల్టా వాడుకపై తరచుగా అడిగే ప్రశ్నలు

గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్ళకు షావుకారు అన్న మాట కొత్త కాదు. అయినా పట్నాలకు వెళ్ళిన పిల్లలూ, ఇక్కడికి ఉద్యోగాల మీద వచ్చిన వేరే ప్రాంతాలవాళ్ళూ దీని గురించి తరచూ అడుగుతుంటారు. కొందరికి ఇది వడ్డీ వ్యాపారి పేరు. కొందరికి కిరాణా కొట్టు యజమాని. ఇంకొందరు ఇదేదో తిట్టు అనుకుంటారు. మంచి మాట ఒకటి అపార్థాల మధ్య అరిగిపోతోందన్న బాధతో ఈ జవాబులు రాస్తున్నాను.

షావుకారు అంటే అసలు అర్థం ఏమిటి?

సొంత పెట్టుబడితో వ్యాపారం చేసే మనిషి. కొట్టు ఆయనది, సరుకు ఆయనది, లాభనష్టాలు ఆయనవి. కొట్లో గుమస్తా ఉండొచ్చు, బస్తాలు మోసే జట్టు కూలీలు ఉండొచ్చు, లెక్కలు రాసే మనిషి ఉండొచ్చు. వాళ్ళెవరూ షావుకార్లు కారు. బాకీ వసూలుకు వచ్చిన మనిషితో గుమస్తా “షావుకారు గారు ఊళ్ళో లేరండి, రేపు రండి” అంటాడే, ఆ ఊళ్ళో లేని పెద్దమనిషే షావుకారు.

దీని పక్కనే రెండో అర్థం ఉంది: కలిగినవాడు, డబ్బున్నవాడు. “వాళ్ళు తాతల నాటి నుంచీ షావుకార్లండి” అంటే ఆ ఇంట్లో ఇప్పుడు కొట్టు ఉండాలనేం లేదు. మూడోది, అప్పులిచ్చేవాడు. సినిమాల వల్లా కథల వల్లా ఈ మూడో అర్థమే ముందుకొచ్చి కూర్చుంది. డెల్టా పల్లెల్లో మాత్రం “షావుకారు కొట్టుకెళ్ళి అరకేజీ కందిపప్పు తీసుకురా” అంటే అప్పు సంగతి ఎవరి మనసులోనూ ఉండదు.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

సంస్కృతంలో సాధు అంటే మంచివాడు, నమ్మదగినవాడు. ప్రాకృతంలో అది సాహు అయింది. ఉత్తరాది భాషల్లో సాహు, సాహుకార్ అన్న రూపాల్లో వర్తకుడికి పేరుగా నిలిచింది. మన పక్కనున్న ఒడిశాలో సాహు ఇంటిపేరుగా ఇప్పటికీ వినబడుతుంది. హిందీలో చోర్ అన్న మాటకు ఎదురుగా సాహుకార్ అని వాడతారు. ఒకడు దొంగ, రెండోవాడు నిజాయతీపరుడు. అంటే ఈ పేరులో మొదట ఉన్నది డబ్బు కాదు, నమ్మకం. తూకంలో మోసం చేయడు, లెక్క తప్పు చెప్పడు, ఇచ్చిన మాట దాటడు అన్న నమ్మకం ఉన్న వర్తకుడికే ఆ పేరు దక్కింది.

ఈ సంగతి తెలిసిన తర్వాత ఆ మాటను వెటకారంగా వాడటానికి నాకైతే మనసు ఒప్పదు.

మరి వడ్డీ వ్యాపారి అన్న అర్థం ఎలా వచ్చింది?

దీనికి జవాబు మన పొలాల్లోనే ఉంది. 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతా కాలువలు పారాయి. వరి విస్తరించింది. ఆ కాలువలు నీళ్ళివ్వడమే కాదు, పడవల దారులు కూడా అయ్యాయి. ధాన్యం పడవల మీద కాకినాడ వైపు వెళ్ళేది. ధాన్యం కొనేవాడు, నిల్వ చేసేవాడు, రేవుకు పంపేవాడు కావలసి వచ్చారు. ఆ పని చేసింది షావుకార్లు.

అయితే వరి రైతుకు డబ్బు చేతికొచ్చేది కోతల తర్వాతే. దమ్ము, నాట్లు, కలుపు, ఎరువు అన్నీ అంతకు ముందే. సార్వా (వానాకాలం పంట) నాట్లప్పుడు చేతిలో రూపాయి లేని రైతు ఎవరి దగ్గరికి వెళ్తాడు? పంట ఎవరికి అమ్ముతాడో ఆయన దగ్గరికే. షావుకారు డబ్బిస్తాడు, లేదా సరుకు అరువిస్తాడు. పంట కళ్ళంలోకి రాగానే ధాన్యం ఆయనకే కొలవాలి. ధర మాట్లాడే బలం అప్పటికే రైతు చేతిలోంచి జారిపోయి ఉంటుంది. అప్పు, అమ్మకం రెండూ ఒకే చేతిలో ఉండటమే అసలు చిక్కు. దాళ్వా (రెండో పంట) కూడా ఇలాగే గడిచిందంటే ఆ రైతు ఏడాదంతా ఒకే ఖాతాలో ఉండిపోతాడు.

మంచి షావుకారు చేతిలో ఇదే ఏర్పాటు రైతును నిలబెట్టింది. తుపాను వచ్చి పంట పోయిన ఏడు బాకీ అడక్కుండా మళ్ళీ విత్తనాలకు డబ్బిచ్చినవాళ్ళ గురించి పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. దురాశాపరుడి చేతిలో ఇదే ఏర్పాటు పొలాలు రాయించుకోవడం దాకా వెళ్ళింది. 1930ల్లో ధరలు పడిపోయి రైతులు అప్పుల్లో మునిగినప్పుడు, 1938లో ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో రైతు రుణాల ఉపశమనానికి చట్టమే తేవలసి వచ్చింది. ఆ చేదు కాలంలోనే షావుకారు అన్న మాటకు మచ్చ గట్టిగా అంటిందని నేననుకుంటాను.

ఇంకా వెనక్కి వెళ్తే కంపెనీల కాలం నాటి నేత వ్యాపారంలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది. నరసాపురం దగ్గర మాధవాయపాలెంలో ఇంగ్లీషువాళ్ళు, పాలకొల్లులో డచ్చివాళ్ళు, యానాంలో ఫ్రెంచివాళ్ళు స్థావరాలు పెట్టి గుడ్డలు కొన్నారు. మాధవాయపాలెం పేరు మీదనే మడపోలం అనే బట్టకు ప్రపంచమంతా పేరొచ్చింది. కంపెనీకి, నేతగాడికి మధ్య నిలిచి నేతగాళ్ళకు ముందుగా డబ్బిచ్చి, తర్వాత తానులు పోగుచేసింది ఇక్కడి వర్తకులే. రెండు భాషలూ తెలిసి బేరం కుదిర్చేవాణ్ణి దుబాసీ అన్నారు. ద్విభాషి అన్న మాటే అలా మారింది.

రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటే ఏమిటి? బ్యాంకు లెక్కలో ఎంత?

నూటికి నెలకు ఎన్ని రూపాయలో అది. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24 శాతం. పదివేలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 200, ఏడాదికి 2,400 రూపాయలు కట్టాలి. “రెండే కదా” అని తేలిగ్గా తీసుకోకండి. బ్యాంకువాళ్ళు చెప్పే రెండు శాతం ఏడాదికి, షావుకారు చెప్పే రెండు రూపాయలు నెలకు. చాలా ఇళ్ళలో టెన్షన్ మొదలయ్యేది ఈ తేడా తెలియకే.

అసలు మీద మాత్రమే వేసేది బారు వడ్డీ. వడ్డీ మీద వడ్డీ చక్రవడ్డీ. అప్పు నోటు రాసేటప్పుడు ఈ రెండిట్లో ఏదో స్పష్టంగా అడగాలి, కాగితం మీద రాయించాలి.

ప్రామిసరీ నోటు (అప్పు తీరుస్తానని రాసిచ్చే కాగితం) మీద కోర్టుకు వెళ్ళడానికి సాధారణంగా గడువు మూడేళ్ళు. ఆ లోపల కొంత కట్టి నోటు వెనక సంతకంతో రాస్తే దాన్ని చెల్లు వేయడం అంటారు. అక్కడి నుంచి మళ్ళీ గడువు లెక్క మొదలవుతుంది. అందుకే మూడేళ్ళు దగ్గరపడుతుంటే “ఒక వంద అయినా కట్టి చెల్లు వేయండి” అని షావుకారు కబురు పంపుతాడు. ఏమీ రాయని కాగితం మీద మాత్రం ఎంత దగ్గరవాళ్ళకైనా సంతకం పెట్టకండి.

షావుకారు అన్నది కులం పేరా?

కాదు. వర్తకంలో వైశ్య కుటుంబాలు తరతరాలుగా ఉన్న మాట నిజం. పెనుగొండలో వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయం ఉండటం వల్ల ఆర్యవైశ్యులకు ఈ డెల్టా పుణ్యక్షేత్రం కూడా. కానీ ఈ పేరు చేసే పనిని బట్టి వచ్చింది. ఇప్పుడు డెల్టాలో రైస్ మిల్లులు, రొయ్యల మేత డీలర్‌షిప్పులు, బట్టల కొట్లు, ఎరువుల కొట్లు నడుపుతున్నవాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ, అన్ని మతాలవాళ్ళూ ఉన్నారు. అందరూ షావుకార్లే.

కులం పేరు పెట్టి “ఫలానావాళ్ళ కొట్టు” అనే అలవాటు పాతతరం మాటల్లో ఉంది. తాకట్టు కొట్టు ఎవరిదైనా “మార్వాడీ కొట్టు” అనడం కూడా అలాంటిదే. ఇది మానుకుంటేనే మంచిది. మనిషికి పేరుంది, కొట్టుకు పేరుంది.

వర్తకుడు, వ్యాపారి, షావుకారు, బిజినెస్‌మేన్... ఎక్కడ ఏది వాడాలి?

రాతలో ఎక్కడైనా చెల్లేది వ్యాపారి. చిన్నా పెద్దా తేడా లేకుండా అందరికీ సరిపోతుంది. తోపుడు బండి మీద అరటిపళ్ళు అమ్మేవాడు చిరు వ్యాపారి, గోడౌన్లు ఉన్నవాడు టోకు వ్యాపారి. వర్తకుడు కొంచెం గ్రాంథికంగా ఉంటుంది. ఎక్కువగా వర్తక సంఘం, బియ్యం వర్తకులు అన్నట్టు సంఘాల పేర్లలో, బోర్డుల మీద కనిపిస్తుంది. షావుకారు మాటల్లో బతికే పదం. ఎదురుగా ఉన్న మనిషిని పిలవడానికి పనికొస్తుంది, వ్యాపారి పనికిరాదు. “వ్యాపారి గారూ” అని ఎవరూ పిలవరు కదా.

బిజినెస్‌మేన్ అంటే మన ఊళ్ళల్లో కొట్టులో కూర్చునే మనిషి గుర్తుకు రాడు. నాలుగు చోట్ల పెట్టుబడులు పెట్టి, కారులో తిరిగే మనిషి గుర్తుకొస్తాడు. “అబ్బాయి ఏం చేస్తాడండీ?” అని పెళ్ళి సంబంధాల్లో అడిగితే “బిజినెస్ అండి” అంటారు. షావుకారు అనరు. వయసు, స్థిరత్వం, ఊళ్ళో పరపతి అన్నీ కలిస్తేగానీ ఆ పేరు రాదు.

పాత తెలుగులో బేహారి అన్న మాట కూడా ఉంది. బేహారం అంటే వర్తకం. మనం రోజూ ఆడే బేరం దాని నుంచి వచ్చిందే.

సెట్టి, సేటు కూడా ఇదే అర్థమా?

దాదాపు ఇదే. శ్రేష్ఠి అన్న సంస్కృత పదం మన దగ్గర సెట్టి, శెట్టి అయింది, ఉత్తరాదిన సేఠ్ అయింది. హైదరాబాదులో, తెలంగాణలో కొట్టు యజమానిని సేటు అని పిలవడం మామూలే. డెల్టాలో ఆ పిలుపు తక్కువ. పక్క భాషల్లో షావుకారుకు చుట్టాలు చాలామంది: కన్నడంలో సాహుకార, మరాఠీలో సావకార్. మరాఠీ మాటకు అప్పులిచ్చేవాడన్న అర్థమే బలంగా ఉంది.

దళారి, కమీషన్ ఏజెంట్, బయ్యరు కూడా షావుకార్లేనా?

కారు. తేడా ఎక్కడుందంటే సరుకు ఎవరి సొంతం అన్న దగ్గర. షావుకారు తన డబ్బుతో కొంటాడు, ధర పడిపోతే తను నష్టపోతాడు. దళారి కొనేవాణ్ణీ అమ్మేవాణ్ణీ కలిపి దళారీ రుసుము తీసుకుంటాడు, అంతే. కమీషన్ ఏజెంటు రైతు సరుకును తన కొట్లో దింపించుకుని, అమ్మిపెట్టి, కమీషన్ మినహాయించుకుని మిగతా డబ్బు ఇస్తాడు. పేరు మారితే బాధ్యత మారుతుంది. సరుకు పాడైతే, డబ్బు రాకపోతే ఎవర్ని అడగాలో తెలియాలంటే ఈ తేడా తెలుసుకుని తీరాలి.

సరుకును బట్టి మాటలు కూడా మారతాయి. అంబాజీపేట వైపు కొబ్బరి లెక్క వెయ్యి కాయలకు. “ఇవాళ వెయ్యి ఎంత పలికింది?” అంటే సరిపోతుంది, కాయలని చెప్పనక్కర్లేదు. చెట్టు నుంచి దించితే దింపు, పీచు తీస్తే వలుపు, ఎండి గుండ్రంగా గలగలలాడేది కురిడీ. రావులపాలెంలో అరటి బేరం గెల మీద. భీమవరం చుట్టుపక్కల రొయ్యల బేరం కౌంటు మీద. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంటు. కాబట్టి ముప్పై కౌంటు అంటే పెద్ద రొయ్య, వంద కౌంటు అంటే చిన్నది. కొత్తగా వచ్చినవాళ్ళు అంకె పెద్దదైతే ధర కూడా పెద్దదనుకుంటారు, నిజానికి తిరగబడి ఉంటుంది. ఇక్కడ కొనేవాణ్ణి షావుకారు అనరు, బయ్యరు అంటారు. చెరువులకు మేత, మందులు అరువిచ్చే కొట్టు యజమానిని మాత్రం షావుకారు అనడం ఉంది. వరిలో ఒకప్పుడు ఉన్న అప్పు, అమ్మకాల ముడి ఇప్పుడు చెరువుల్లోకి వచ్చిందని గమనించండి. మేత అరువిచ్చినవాడే పట్టుబడి రోజున (చెరువులో రొయ్యలు పట్టే రోజున) బయ్యరును తీసుకొస్తే ధర దగ్గర నోరు విప్పడం కష్టం. వీలైతే మేత ఖాతా ఒకరి దగ్గర, అమ్మకం మరొకరికి ఉండేలా చూసుకోండి.

ధాన్యంలో బస్తా అంటే ఇక్కడ 75 కిలోలు. తేమ కోసమో, తాలు కోసమో తూకంలో తగ్గించేది తరుగు. ఎంత తరుగు తీస్తారో కాటా పెట్టక ముందే అడగాలి, పెట్టాక కాదు.

కొట్టుకు వెళ్ళినప్పుడు యజమానిని ఎలా పిలవాలి?

“షావుకారు గారూ” అంటే ఎక్కడైనా మర్యాదే. గారు లేకుండా ఎదురుగా “ఏం షావుకారూ” అనేది సమవయస్కులో, చిన్ననాటి స్నేహితులో. పరిచయం పెరిగాక చాలామంది వరస కలుపుతారు: బాబాయి గారు, అన్నయ్య గారు, పెద్దాయనైతే తాతగారు. కిరాణా కొట్టు దగ్గర ఇదే ఎక్కువ. భీమవరం వైపు రాజు గారు అన్న పిలుపు కూడా తరచుగా వినబడుతుంది. కొట్లో పనిచేసేవాళ్ళు ఇప్పుడు ఎక్కువగా ఓనరు గారు అంటున్నారు.

మన దగ్గర అండీ లేకుండా మాట పూర్తి కాదు. “బెల్లం ఎంతండీ?” అని మీరు, “కిలోకా, దిమ్మకా అండీ?” అని ఆయన. బేరం ఎంత గట్టిగా సాగినా ఆ అండీ జారిపోదు. పక్క జిల్లాల నుంచి వచ్చినవాళ్ళకు ఇది అతిగా అనిపించొచ్చు. ఇక్కడ అది లేకపోతే కోపంగా ఉన్నారనుకుంటారు.

యజమాని స్త్రీ అయితే?

షావుకారమ్మ అంటే పాత వాడుకలో షావుకారు గారి భార్య అన్న అర్థం కూడా వచ్చేది. అందుకే కొట్టు తన సొంతమైనవాళ్ళు కొందరు ఆ పిలుపును ఇష్టపడరు. పెద్దావిడైతే అమ్మగారు, పిన్ని గారు, తెలియనివాళ్ళైతే మేడమ్ గారు. ఆవిడ గురించి వేరేవాళ్ళతో చెప్పేటప్పుడు “ఆ కొట్టు యజమాని ఆవిడే” అని సూటిగా చెప్పండి. నరసాపురం లేసు అల్లికల పనిలో ఆడవాళ్ళ కష్టం ఎంత ఉందో అందరికీ తెలుసు. వ్యాపారం ఆవిడ చేతుల మీద నడుస్తున్నప్పుడు “ఫలానాయన గారి భార్య” అని పరిచయం చేయడం న్యాయం కాదు.

షావుకార్ల లెక్కల మాటలు కొన్ని చెబుతారా?

రోజువారీ రాకపోకలు రాసేది చిట్టా. ఒక్కొక్కరి పేరు మీద విడదీసి రాసేది ఆవర్జా. అందులో మీ పేరున్న చోటు మీ ఖాతా, ఒక్కో వరస ఒక్కో పద్దు. డబ్బు దాచే పెట్టె గల్లాపెట్టె. తెల్లారి మొదటి అమ్మకం బోణీ. బోణీ బేరం వదులుకోవడానికి షావుకారు ఇష్టపడడు కాబట్టి పొద్దున్నే వెళ్తే ధర కాస్త తగ్గుతుందని ఇళ్ళల్లో చెప్పుకుంటారు. తూకం అయ్యాక పైన వేసేది కొసరు. ముందుగా ఇచ్చి బేరం ఖాయం చేసుకునే సొమ్ము బయానా.

అప్పుకూ అరువుకూ తేడా ఉంది. డబ్బు తెచ్చుకుంటే అప్పు, సరుకు తెచ్చుకుంటే అరువు. రెండూ తీర్చేదాకా బాకీ.

దీపావళికి కొట్లల్లో లక్ష్మీపూజ చేయడం, కొత్త పుస్తకాలు పూజలో పెట్టడం ఇప్పటికీ ఉంది. ప్రభుత్వానికి చూపించే లెక్క ఏప్రిల్ 1 నుంచి మొదలైనా, 2017 జులైలో జీఎస్టీ వచ్చాక బిల్లులన్నీ కంప్యూటర్‌లోకి వెళ్ళినా, పసుపు కుంకుమ పెట్టిన పుస్తకం మాత్రం గల్లాపెట్టె పక్కనే ఉంటుంది.

“షావుకారులా మాట్లాడకు” అంటే తిట్టినట్టా?

మాట్లాడే గొంతును బట్టి ఉంటుంది. చేతిలో చిల్లిగవ్వ లేకుండా గొప్పలు పోయేవాణ్ణి “పెద్ద షావుకారులా మాట్లాడుతున్నావే” అంటారు. అక్కడ దెబ్బ ఆ మనిషికే గానీ షావుకార్లకు కాదు. అదే వడ్డీల పేరుతో పీడించేవాణ్ణి విమర్శించాలంటే వడ్డీ వ్యాపారి అనండి, అధిక వడ్డీలు తీసుకుంటున్నాడు అనండి. తప్పేదో దాని పేరే చెబితే చాలు. రోజంతా కొట్లో నిలబడి ఊరికి ఉప్పూ పప్పూ అందించే మనిషికీ, ఇంటి ముందు నిలబడి పరువు తీసేవాడికీ ఒకే పేరు పెట్టకూడదు.

షావుకారు జానకి గారికి ఆ పేరెలా వచ్చింది?

రాజమండ్రిలో పుట్టిన జానకి గారు కథానాయికగా నటించిన 1950 నాటి సినిమా పేరు షావుకారు. ఆ పేరే ఆవిడ పేరుకు ముందు నిలిచిపోయింది. తమిళులకు కూడా ఆవిడ ‘సౌకార్ జానకి’యే.

షావుకారు, సావుకారు, శావుకారు... ఏది సరైన రాత?

షావుకారు అని రాయండి. పుస్తకాల్లో, పత్రికల్లో ఎక్కువగా కనిపించేది అదే. పల్లెల్లో సావుకారు అని పలుకుతారు, అది తప్పేం కాదు. కథలో పాత్ర మాట రాస్తున్నప్పుడు అలాగే రాయొచ్చు. బహువచనం షావుకార్లు. గౌరవంగా చెప్పేటప్పుడు ఒక్క మనిషికైనా “షావుకారు గారు వచ్చారు” అనే అనాలి. “షావుకారు వచ్చాడు” అంటే ఆయన చెవిన పడితే నొచ్చుకుంటారు.

దరఖాస్తుల్లో, బోర్డుల మీద షావుకారు అని రాయొచ్చా?

దరఖాస్తులో వృత్తి అన్న చోట వ్యాపారం అని రాయండి. ఏ వ్యాపారమో కూడా చేర్చండి: కిరాణా వ్యాపారం, ఎరువుల వ్యాపారం. సంతకం కింద యజమాని లేదా ప్రొప్రైటర్ అని ఉండాలి, భాగస్తులుంటే భాగస్వామి. బోర్డు మీద కొట్టు పేరు, కింద యజమాని పేరు చాలు. షావుకారు అని తన పేరు ముందు తనే రాసుకోవడం ఇక్కడ అలవాటు లేదు, అది ఊరు పిలవాల్సిన పేరు. పెళ్ళి శుభలేఖ కవరు మీద ఎదుటివాళ్ళ పేరు రాసేటప్పుడు మాత్రం “షావుకారు శ్రీ ఫలానా గారికి” అని కొందరు పెద్దలు రాస్తారు. చక్కగా ఉంటుంది, రాయొచ్చు.